తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మచిలీపట్నంలో జరిగిన మన సంఘ సమావేశంలో సహకార శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అనేది దయాధర్మం కాదు, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చే హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ మాట మనం ఏటా చెప్పుకుంటాం, చెప్పుకున్నప్పుడల్లా మనకు ఛాతీ కొంచెం పొంగుతుంది. "దయ కాదు, హక్కు" అన్న మాట మనకు ఇంత తీపిగా ఉంది గదా, మనం ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మన బల్ల ముందు నిలబడ్డ బీదవాడి విషయంలో ఆ మాట ఎంతవరకు గుర్తుపెట్టుకున్నాం? కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "గ్రామాభివృద్ధి – బడుగువర్గాల స్వావలంబన". చాలా పెద్ద పేరు. దాన్ని నేను ఈ ఒక్క ప్రశ్నకు కుదించుకున్నాను.

నేను 1975లో పంచాయతీ సమితిలో సహకార విస్తరణాధికారిగా చేరి, ఆ తరువాత సహకార శాఖలోనే తిరిగి తిరిగి 2010లో రిటైరైనవాడిని. ఉపన్యాసాల కంటే రిజిస్టర్లతోనే నాకు పరిచయం ఎక్కువ. కాబట్టి సిద్ధాంతం చెప్పను, చూసినది చెబుతాను.

ముందు కొంచెం పాత సంగతి. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. రోడ్లు, బావులు, మేలురకం విత్తనాలు, జపాను పద్ధతి వరిసాగు, అన్నీ మంచివే, అన్నీ పైనుంచి వచ్చినవే. అయిదేళ్ల తరువాత, 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ లెక్క చూసి, పనులు జరిగాయి గాని ప్రజల చొరవ మాత్రం రాలేదని తేల్చింది. దాని ఫలితంగానే 1959 నవంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. నేను చేరేనాటికి వాటికి పదహారేళ్లు నిండాయి. బోర్డు మీద "ప్రజల" అనే మాట ఉండేది. బీరువా తాళంచెవి మాత్రం ఆఫీసులోనే ఉండేది.

ఇక దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. దివి వారికి ఆ తేదీ నేను చెప్పనక్కరలేదు. మన బందరుకు అంతకు ముందే ఇలాంటి తేదీ ఒకటి ఉంది, 1864 నవంబరు 1. ఆ ఒక్క రాత్రి సముద్రం ఊళ్లోకి వచ్చి ఇంచుమించు ముప్ఫయి వేల మందిని తీసుకుపోయింది. నా చిన్నతనంలో పెద్దలు దాన్ని కథగా చెప్పేవారు. కథ అనుకున్నది నా కళ్లముందే జరుగుతుందని అనుకోలేదు. 1977లో సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. సొర్లగొంది వంటి ఊళ్లు ఊళ్లుగా మిగలలేదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే చనిపోయినవారు పదివేల దరిదాపు. అంతకు ఎక్కువేనని అక్కడివారు ఇప్పటికీ అంటారు. ఎందుకు అంటారో నాకు తెలుసు. ఎందుకంటే ఆ లెక్కలు రాసినవారిలో నేనూ ఒకడిని.

నాలుగో రోజున మమ్మల్ని ఇళ్ల జాబితాలు రాయడానికి పంపారు. చేతిలో ఓటర్ల జాబితా, పన్నుల రిజిస్టరు. కొన్ని ఇళ్ల దగ్గర పేర్లు చెప్పడానికి కూడా ఎవరూ మిగలలేదు, ఊరివారు చెబితే రాసుకున్నాం. కాని కరకట్ట వెంట, కాలవ గట్ల మీద, పొలాల అంచుల్లో గుడిసెలు వేసుకొని ఉన్న యానాదులు ఏ జాబితాలోనూ లేరు. ఇంటి నంబరు లేదు, పన్ను లేదు, రేషను కార్డు లేదు. ఒక పెద్దాయన నా పక్కనే నడుస్తూ, "ఇక్కడ రెండు కొంపలుండేయి బాబూ, అక్కడ నాలుగుండేయి" అని బురదనేల చూపించాడు. నేను రాసుకోవడానికి ఫారంలో గడి లేదు. రికార్డులో లేనివాడు బ్రతికినా కనబడడు, చచ్చినా లెక్కలోకి రాడు. నా సర్వీసులో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఇరవై మూడేళ్ల వయసులో నేర్చుకున్నాను, అప్పుడు దాంతో ఏమి చేయాలో తెలియలేదు.

సహాయం మాత్రం వెల్లువగా వచ్చింది, అది చెప్పకపోతే పాపం. అవనిగడ్డకు చెందిన మండలి వెంకటకృష్ణారావు గారు సహాయ పునరావాస కార్యక్రమాలలో ముందు నిలిచారు. విజయవాడ నుంచి గోరా గారి నాస్తిక కేంద్రం వారు వచ్చారు, రామకృష్ణ మిషన్ వారు వచ్చారు. దేవుడు లేడనేవారూ, ఉన్నాడనేవారూ ఒకే బురదలో నడిచారు. చర్చిల తరఫున వచ్చినవారు, విదేశాల నుంచి వచ్చినవారు, కాలేజీ పిల్లలు, ఎందరో. బావుల్లో ఉప్పునీరు తోడారు, ఇళ్లు కట్టారు.

ఆ ఇళ్ల విషయంలోనే ఒక తేడా గమనించాను. ఒక చోట కట్టేముందు కులపెద్దలనే గాక ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి అడిగారు. వంటిల్లు ఎటు ఉండాలి, వల ఎక్కడ ఆరవేయాలి, రేవుకు ఎంత దూరం అని. ఇంకో చోట పటం ముందే గీసి తెచ్చారు. మొదటి చోట ఇళ్లకు మరో గది కలిసింది, పైన రేకులు మారాయి, ఇప్పటికీ జనం ఉన్నారు. రెండో చోట చాలా ఇళ్లలో వలలు, గొడ్డు గోదా ఉండేవి, మనుషులు మాత్రం మళ్లీ రేవు పక్కన గుడిసె వేసుకున్నారు. "ఇంత మంచి ఇల్లు కట్టిస్తే ఉండరేమిటి వీళ్లు" అని మేము విసుక్కున్నాం. పడవను చూసుకోకుండా పల్లెకారుకు రాత్రి నిద్రపట్టదని మాకు తట్టలేదు.

ఇప్పుడు తాళంచెవి కథ. ఉప్పెన తరువాత తీరం పొడుగునా తుపాను రక్షణ కేంద్రాలు కట్టారు. స్తంభాల మీద ఎత్తుగా లేపిన పక్కా భవనాలు, మామూలు రోజుల్లో బడికీ, సభలకూ పనికివచ్చేవి. 1990 మే 9న మళ్లీ పెద్ద తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆ రోజు నాకు తీరంలో ఒక ఊరిలో డ్యూటీ. ఊరి పేరు చెప్పను. రేడియోలో హెచ్చరికలు వస్తున్నాయి, జనం పిల్లలతో, ముసలివాళ్లతో కేంద్రం దగ్గరకు చేరారు. కేంద్రానికి తాళం. కిటికీలోంచి చూస్తే లోపల ఎవరివో ఎరువుల బస్తాలు. తాళంచెవి ఉన్న పెద్దమనిషి పని మీద పట్నం వెళ్లారు. గాలి పెరుగుతోంది. నేను "ఉండండి, పై అధికారికి కబురు పంపుతాను" అన్నాను. ఎలా పంపుతానో నాకే తెలియదు. ఇంతలో ఒక పాతికేళ్ల కుర్రాడు ఇంటికి పరుగెత్తి రోకలిబండ తెచ్చి రెండు దెబ్బలు వేశాడు.

ఆ రాత్రి ఆ భవనంలో ఊరంతా తలదాచుకుంది. నేనూ అక్కడే, ఎరువుల బస్తా మీద కూర్చున్నాను. నెల తరువాత, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారని ఒక ఫిర్యాదు మీద నన్ను నివేదిక అడిగారు. "తీవ్రమైన గాలికి తాళం ఊడిపోయినది" అని రాశాను. ఆడిటు వారు ఎవరైనా ఈ సభలో ఉంటే క్షమించాలి.

1977లో పదివేల ప్రాణాలు, 1990లో రాష్ట్రమంతా కలిపి వెయ్యికి లోపు. తుపాను చిన్నది కాదు, హెచ్చరిక ముందుగా అందింది, లక్షలాది మందిని ముందే తరలించారు, తలదాచుకునేందుకు చోటుంది. ఈ ఘనత ప్రభుత్వానికి ఇవ్వవలసిందే, అందులో ఇక్కడున్న రెవెన్యూ, పోలీసు, రేడియో ఉద్యోగుల పాలూ ఉంది. నేననేది ఏమంటే, కట్టడం ఎంత ముఖ్యమో తాళంచెవి అంత ముఖ్యం. 2011 తరువాత జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకంలో కట్టిన కేంద్రాలకు గ్రామస్థులతోనే నిర్వహణ కమిటీలు వేసి, మరమ్మతులకు కొంత నిధి కూడా పెట్టారు. ఆ జి.ఓ. రాసినవారు ఎవరో గాని, ఏదో ఒక ఊరిలో రోకలిబండ చప్పుడు విన్నవారే అయి ఉంటారు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇక నా సంగతి.

ఉప్పెన తరువాత రెండేళ్లకు మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టి, పడవలకూ, నైలాన్ వలలకూ సబ్సిడీ మీద అప్పులిచ్చాం. ఒక పల్లెలో సంఘం రిజిస్టరు చేయించినది నేనే. సభ్యులందరి వేలిముద్రలు నా చేతుల మీదుగా వేయించాను. అధ్యక్షుడు పల్లెకారే, కాని లెక్కలు రాసేది ఒక షావుకారు మనిషి. "పల్లెలో చదువు వచ్చినవాడు వేరే ఎవరున్నారండీ" అన్నారు, నేనూ సరేనన్నాను. ఏడాది తిరిగేసరికి పడవలు ఆ షావుకారు రేవులో ఉన్నాయి. సభ్యులు వాటిలో కూలికి వెళుతున్నారు. పట్టిన చేప ఆయనకే వేయాలి, ధర ఆయన చెప్పిందే. సంఘం పుస్తకాల్లో మాత్రం జమాఖర్చులు నయాపైసతో సహా సరిపోయాయి. నేను తనిఖీ చేసి "సంఘ పనితీరు సంతృప్తికరము" అని రాసి, సంతకం పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను.

బస్సు కోసం నిలబడినప్పుడు ఒక ముసలాయన నా పక్కకు వచ్చాడు. కోపంగా కాదు, సందేహం అడిగినట్టే అడిగాడు. "బాబుగారూ, మా యేలిముద్ర తమరి కాయితం మీద ఉంది. పడవ ఆయన రేవులో ఉంది. మరి సంగం ఎక్కడుందండీ?" నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, అంటే అది చెప్పదగిన జవాబు కాదన్నమాట.

అప్పు మాత్రం సభ్యుల పేరు మీదనే నిలిచింది. తరువాత వసూలు నోటీసులు వారి గుడిసెలకే వెళ్లాయి. ఇది ఏదో దొంగతనం అయితే పట్టుకునేవాళ్లం. నిబంధన ఒక్కటీ తప్పలేదు. అదే దాని గడుసుదనం.

అక్కడి నుంచి నాకు గుడివాడ డివిజనుకు బదిలీ అయింది. మండవల్లి, కైకలూరు అప్పట్లో ఆ డివిజనులోనివే, 2022 జిల్లాల విభజనలో ఏలూరు జిల్లాకు వెళ్లాయి. కొల్లేటి పల్లెల్లో నేను చూసినది పాత సినిమానే, కొత్త తెర మీద. 1970లలో ప్రభుత్వం అక్కడి మత్స్యకారులకూ, ఇతర బీదలకూ సంఘాలు పెట్టి, చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిది. కాని చెరువులో పిల్ల వేయాలి, మేత వేయాలి, ఏడాది ఆగాలి. ఆ ఏడాది పాటు ఇంట్లో పొయ్యి వెలగాలి గదా. పెట్టుబడి ఉన్నవారు వచ్చి లీజు మాట్లాడుకున్నారు. సంఘం పేరు సంఘానిదే, చెరువు మాత్రం బయటివారిది, సభ్యుడు గట్టు మీద కాపలాదారు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలంటే అది తప్పదనే నా అభిప్రాయం. అయితే గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారు మరో చోట చెరువు చూసుకోగలిగాడు. సంఘం సభ్యుడికి లీజు సొమ్మూ పోయింది, కాపలా కూలీ పోయింది. ఆ విషయంలో పక్షులకు దొరికినంత సానుభూతి మనుషులకు దొరకలేదు.

ఇదంతా విని సహకారం అనేదే దండగ అనుకోకండి. ఈ బందరులో కూర్చొని ఆ మాట అనకూడదు. పట్టాభి సీతారామయ్య గారు 1915లో జిల్లా సహకార బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పెట్టించారు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా రైతు బతకాలని వారి తాపత్రయం. ఆ ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు మనలో చాలామందికి పాసుపుస్తకం మీద పేరు మారింది. నాకైతే ఇంటి పేరు మారినట్టనిపించింది. అయితే ఒక్కటి గమనించాలి. ఆ బ్యాంకుల్లో వాటాలు కొన్నవారికి లెక్క చదవడం వచ్చు. సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి "ఇదేమిటి" అని అడగడం వచ్చు. మా పల్లెకారు సంఘానికి మేము పడవ ఇచ్చాం, వల ఇచ్చాం. ఆ అడగడం ఇవ్వలేదు.

అడగడం ఎక్కడ చూశానంటే, ఆడవాళ్ల దగ్గర చూశాను. డ్వాక్రా పథకం 1982లోనే వచ్చినా అసలు ఊపు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన తరువాత వచ్చింది. రోజుకు రూపాయి పొదుపు. మొదట్లో మేము నవ్వుకున్నాం. రూపాయితో ఏమవుతుందని. దివిలో ఒక మత్స్యకార కాలనీలో 1990ల చివర ఒక గ్రూపు సమావేశానికి వెళ్లాను. ఒక రేకుల పెట్టె ఉంది. దాన్ని ఉంచుకునేది ఒకామె, తాళంచెవి ఉంచుకునేది ఇంకొకామె, పుస్తకం మూడో ఆమె దగ్గర. ముగ్గురూ ఒక చోట చేరితే గాని పెట్టె తెరుచుకోదు. లెక్క రాసేది ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. రాసిన ప్రతి పద్దూ పైకి చదవాలి, పదిమందీ "ఆఁ" అనాలి. చదువు రాని ఒకామె "నాది మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివింది. తేడా మూడు రూపాయలు. ఆ మూడు రూపాయల మీద అరగంట మాట్లాడుకున్నారు. నాకు బస్సు తప్పిపోయింది. నాకు విసుగు రాలేదు. ఇరవై ఏళ్ల క్రితం నా తనిఖీలో లేనిది ఇదే గదా అనిపించింది.

అలాగని అంతా సుఖాంతమని చెప్పను. గ్రూపులు బలపడగానే వాటి కట్టుబాటు మీద వ్యాపారం చేసేవారు వచ్చారు. సూక్ష్మరుణ కంపెనీలు. ఇంటి దగ్గరే అప్పు, వారం వారం వాయిదా. బ్యాంకు చుట్టూ తిరగనక్కరలేదని మొదట్లో నేనూ మెచ్చుకున్నాను. లెక్క వేసి చూడండి, మనకు లెక్కలు ఇష్టమే గదా. ఉదాహరణకు పదివేల అప్పు, వారానికి 230 చొప్పున 50 వారాలు. మొత్తం 11,500. "వడ్డీ నూటికి పదిహేనే" అంటారు. కాని వారం వారం అసలు తగ్గిపోతూ ఉంటే వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే పడుతోంది. నిజమైన వడ్డీ ఇంచుమించు రెట్టింపు. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి మరో కంపెనీ అప్పు. కట్టలేని ఆమె ఇంటి ముందు తక్కిన సభ్యులను కూర్చోబెట్టడం. ఒకరికొకరు అండ అని చేసుకున్న కట్టుబాటు ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టింది. మన కృష్ణా జిల్లాలోనే 2006 మార్చిలో గొడవ బయటపడింది. ఫిర్యాదుల మీద జిల్లా యంత్రాంగం యాభై వరకు శాఖలను మూయించింది, దేశమంతా పత్రికలు రాశాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. నేను చెప్పిన ఆ మూడు చేతుల పెట్టె గ్రూపు ఏమైందని అడుగుతారేమో. వాళ్లలో ఇద్దరు ఆ అప్పుల్లో పడ్డారు. మిగతావారు పొదుపు సొమ్ములోంచి సర్దుబాటు చేసి బయటకు లాగారు. ఎలా చేయాలన్న దాని మీద మూడు సమావేశాలు తగువులాడుకున్నారట. తగువులాడుకోవడానికి వారికి ఒక చోటుంది, అదే గొప్ప.

మడ అడవుల సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి, లేకపోతే దివి సోదరులు ఒప్పుకోరు. కృష్ణా ముఖద్వారం దగ్గర తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల పెరిగే అడవి ఉంది. ఒకప్పుడు వంతులవారీగా నరికిన చోట్ల నేల ఎండకు ఆరి, కుంగి, పళ్లెంలా తయారైంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోదు, నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మొక్క నాటితే చస్తుంది. 1990ల చివర చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి ఊళ్లలో సమితులు వేసి, చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వించాయి. మధ్యలో పెద్ద కాలవ, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు. నీరు వచ్చి పోవడం మొదలుపెట్టింది, కాలవ అంచున నాటిన మడ బతికింది. సముద్రపు నీరు ఎటు వస్తుందో, ఎటు పోతుందో అక్కడి పీతలు పట్టేవారికి తెలిసినంతగా ఏ మ్యాపుకు తెలుస్తుంది? అంతవరకు వంటచెరకు కోసం అడవిలోకి వెళితే దొంగ అనిపించుకున్నవారే కాలవ ఎక్కడ తవ్వాలో చెప్పేవారయ్యారు. సమితిలో ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ. 2004 డిసెంబరు 26 సునామీలో మడ ఉన్న చోట దెబ్బ తగ్గిందని అక్కడివారు చెబుతారు. ఉప్పెన చూసినవారు ఆ మాట ఊరికే అనరు.

ఇక మన సంగతికి వస్తాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

ఏటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చేటప్పుడు మన వేలిముద్రలు మిషను మీద పడక మనం ఎంత అవస్థ పడతామో మీకు తెలుసు. "నేను బతికే ఉన్నానండీ" అని రుజువు చేసుకోవాలి. వల లాగి లాగి గీతలు అరిగిపోయిన చేతులకూ అదే అవస్థ. రేషను దగ్గర, బ్యాంకు దగ్గర, కూలి డబ్బు దగ్గర. ఒకప్పుడు మేము పట్టుకొని వేయించిన వేలిముద్ర, ఇప్పుడు వేస్తానన్నా పడటం లేదు. మనకైతే సంఘం ఉంది, వినతిపత్రం రాసే చేయి ఉంది, జి.ఓ. నంబరు నోటికి వచ్చు. వారికి?

రిటైరైన తరువాత రెండేళ్లు ఇంట్లో పేపరు చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడే ఒకరోజు "మీ రిజిస్టర్లు మీకు లేక ఇంట్లో పచారీ సామాను లెక్కలు రాస్తున్నారు, నా ప్రాణం తీస్తున్నారు" అంది. అప్పటి నుంచి నెలకోసారి దివిలో ఒక యానాది కాలనీకి వెళుతున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు పెద్ద ప్రణాళికే వేసుకొని వెళ్లాను. వారు దాన్ని ఓపికగా విన్నారు. విని, ఒకామె నాలుగు పాసుపుస్తకాలు తెచ్చి "ముందు ఇందులో ఏముందో చదివి పెట్టండి బాబుగారూ" అంది. చదివాను. రెండింటిలో వారికి తెలియకుండా బీమా పేరుతో ఏటా డబ్బు కోత పడుతోంది. ఒకదానిలో వారికి తెలియని పెన్షను బకాయి జమై ఉంది. మిగిలిన పని అంతా అక్కడి నుంచి మొదలైంది. పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రాలు, ఒక వితంతువుకు పెన్షను, రొయ్యల చెరువు కాపలాకు అడ్వాన్సు తీసుకున్న ఇద్దరి లెక్క తేల్చడం. దరఖాస్తు నేను రాయడం మానేసి చాలా కాలమైంది. ఇంటరు చదివిన అక్కడి అమ్మాయి రాస్తుంది, నేను పక్కన కూర్చొని ఎక్కడ ఏ కాగితం జతచేయాలో చెబుతాను. ఆఫీసులో ఆమెను నిలబెట్టి మాట్లాడితే నేను మాత్రం కూర్చోను. అంతే నా సేవ.

నాలుగేళ్ల క్రితం వర్షాకాలంలో వాళ్ల గ్రూపు పుస్తకాలు తడిసిపోతాయేమోనని, "మా ఇంట్లో బీరువాలో పెడతాను, భద్రంగా ఉంటాయి" అన్నాను. నిజంగా మంచి మనసుతోనే అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పాసుపుస్తకాల ఆమే అంది: "తమరు మంచోరే బాబుగారూ. పుస్తకం మాత్రం ఇక్కడే ఉండాల." ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, అందులో పెట్టి, చూరుకు కట్టారు.

ఆ బస్సు స్టాపు దగ్గర ముసలాయన బతికుంటే ఆయనకు చెప్పేవాడిని.

మన సంఘంలో బ్యాంకు, తపాలా, రెవెన్యూ, విద్య, ఆరోగ్యం, అన్ని శాఖలవారూ ఉన్నారు. వారిలో ముగ్గురు ఇప్పటికే నాతో వస్తామన్నారు. గుడివాడ సోదరులు తమ వైపు ఒక చోటు చూసుకుంటామన్నారు, చాలా సంతోషం. మేము వచ్చే నెల రెండో శనివారం వెళుతున్నాం. అవనిగడ్డ మొదటి బస్సుకు వెళితే అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. కళ్లజోడు తెచ్చుకోండి, ఆ పాసుపుస్తకాల్లో అక్షరాలు చాలా సన్నగా ఉంటాయి.